వొగ్గెయ్

ముక్కుతో లాగు తాతా, అంటాది ఆ గుంట,
కోరాడ ప్రశాంతి, తెల్లకోటు జేబులో మూడు పెన్నులు.
పీకతో లాగకు. బుజాలు ఎత్తకు.
బొడ్డు మీద ఏదైనా బరువెట్టుకో.
బరువంటే నాకాడ ఏటున్నాది?
బూడితి నుంచి తెచ్చుకున్న సెంబు.
నాను పోసిందే. మూతి కాడ సిన్న సొట్ట,
అమ్ముడుపోనేదు, ఇంట్లోనే ఉండిపోనాది.

సెంబు లెగాలి, రొమ్ము లెగకూడదు.
అదీ పరీచ్చ.

శ్రీకాకులం పెద్దాసుపత్రి కిటికీకి
ఎక్స్‌రే అడ్డమెట్టి సూపించింది.
పక్కటెముకల కింద ఒక గీత.
గీత కాదు తాతా, కండ. రేకులాంటి పల్సటి కండ,
డయాఫ్రం అంటారు.
పైన ఊపిరితిత్తులు, కింద కార్జం, కడుపు,
నడిమిన బోర్లించిన మూకుడు.
అది బిగిసి కిందకి దిగితే పైన సోటవుద్ది.
సోటైతే గాలి దానంతటదే వొచ్చి పడతాది,
ఎవలూ పిలవక్కర్నేదు.
అది వొదులై పైకెక్కితే ఎల్లిపోద్ది.

నాను నవ్వినాను. నవ్వితే దగ్గొచ్చింది.
దగ్గు ఆగీదాకా నా ఈపు మీద సెయ్యి తియ్యనేదు ఆ పిల్ల.

తొమ్మిదేల్లప్పుడు కొలిమి కాడ కూకోబెట్టినాడు మాయయ్య.
మేకతోలు తిత్తి, ఎదురుగర్ర, ఒక తాడు.
లాగు, అనీవోడు. తోలు ఉబ్బీది.
వొగ్గు, అనీవోడు. నిప్పు పసుపెక్కీది.
లాగు. వొగ్గు. లాగు. వొగ్గు.
లాగడమేరా పని, వొగ్గడం పని కాదు,
అదీ సేతకాదేటి నీకు.
ఒకనాడు తాడట్టుకునే నిద్దరోయినాను.
మూసలో ఇత్తడి గడ్డకట్టీసింది.
ఆ దెబ్బ సెవిలో ఇప్పటికీ ఉన్నాది.

మరి లోపల కూకున్నోడు?
డెబ్బైయొక్కేల్లు.
కూలడగనేదు. కల్లు తాగిన రాత్రి
నాను అరుగు మీంచి పడిపోయినా
ఆడు తాడొదల్నేదు.
ఆడికొక పేరున్నాదని ఇయ్యాలే తెలిసింది.
ఎక్కిలి కూడా ఆడి పనేనట!
ఆమదాలవలసలో మా సెల్లి సూరీడమ్మ తలుసుకుంటన్నాదని
ఎన్ని గలాసుల నీల్లు తాగినానో.

పొగ తిని తిని తిత్తులు ఉబ్బిపోయి
మూకుడ్ని కిందకి నొక్కీసినాయట.
సదునైపోనాది తాతా, పల్లెంలాగ.
దిగడానికి ఇంక సోటు నేదు,
అందుకే మెడ కండలు లాగతన్నాయి.

పల్లేన్ని మూకుడు సెయ్యడం నాకు తెలుసు.
ఎర్రగా కాల్చి, ఆరబెట్టి,
నడిమి నుంచి అంచుకి సుత్తి సుట్టూ తిరగాల.
దీన్నెక్కడ కాలస్తావమ్మా? ఏ దాగలి మీద పెడతావు?
గుంట పెన్ను మూత తీసి మల్లీ పెట్టింది.
మల్లీ మూకుడవదు తాతా.
ఉన్నంతలో కదలడం నేరుపుదాం.

పెదాలు సున్నా సుట్టి, ఏడి టీ ఊదినట్టు.
రెండు లెక్కలు లాగు. నాలుగు లెక్కలు వొగ్గు.
ఇంకా వొగ్గు. వొగ్గెయ్.

మనవడి కొలిమికి కరెంటు పంకా,
నొక్కితే ఊదతాది, నొక్కితే ఆగతాది.
మా సాలలో ఆ మాట ఇని ఎన్నేల్లయిందో.
ఇక్కడ, పినాయిలు కంపులో,
మాయయ్య గొంతు కాదు, ఇరవైమూడేల్ల పిల్ల గొంతు.

రాత్రి లైట్లార్పీసినాక పక్కమంచమాయన అడిగినాడు:
ఆ బొడ్డు మీద సెంబేటి, దిష్టికా?
మాటాడితే లెక్క తప్పిపోద్ది.
ఏలెత్తి ఆగమన్నాను.
సెంబు వొరిగింజంత లెగిసింది.
దిగింది.
మల్లీ.