రేపు చాలా దూరం

ముందు బూటుని బోర్లించు, రాకియా.
మడమ మీద మూడు దెబ్బలు కొట్టు.
ఇసుక రాలితే రాలనీ,
తేలు రాలితే రాలనీ,
ఏమీ రాలకపోతే ఇంకోసారి కొట్టు.
అప్పుడు పెట్టు కాలు.

పెద్దవని నవ్వకు.
అవి మా తమ్ముడు తనీముకి కొన్నవి.
వాడు పోయిన మూడు వారాలకి
గొంబే సంతలో, బేరమాడకుండా కొన్నాను.
వాడి కాలి కొలత ఒక్కటే నాకు నోటికొచ్చు,
అదే అడిగాను.
ముందుభాగంలో పాతగుడ్డ కుక్కుకో, సరిపోతాయి.

ఈ నేల చూశావా?
ఎర్రమట్టి, మీద నిరుటి జొన్నాకు,
ఆకు మీద ఆకు నీడ.
అచ్చం అదే నేత ఒంటినిండా కప్పుకుని పడుకుంటుంది పింజరి.
జానెడు. మహా అయితే మూరెడు.
కోపమొస్తే తన ఒంటిని తానే రుద్దుకుంటుంది,
కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు
చుయ్యిమంటుంది.
విన్నావా, ఉన్నచోటే ఆగు.
తర్వాత వెనక్కి. ఎప్పుడూ వెనక్కే.
ధైర్యం ఇంటి దగ్గర పెట్టి రా.

మా హౌసాలో దానికో పేరుంది:
గోబే-దా-నీసా.
రేపు చాలా దూరం, అని అర్థం.
కాటు తిన్నవాడికి.

మొదటి వాన పడ్డ మర్నాడు.
తనీము చేతిలో పొట్టి పార,
వంగితే ముక్కు మట్టికి తగిలేంత పొట్టిది.
ఎడం చేత్తో గడ్డి దుబ్బు పట్టుకున్నాడు, అంతే.
ఒకరు తాడు బిగించారు.
ఒకరు బ్లేడు పెట్టారు.
ఒకరు పరుగున నల్లరాయి తెచ్చారు.
మోటార్‌సైకిల్ దొరికేసరికి పొద్దు వాలింది.
ఆస్పత్రిలో మందు ఉంది, రాకియా.
ఆ రోజు ఉంది.
అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.
చిగుళ్ళ నుంచి నెత్తురు కారుతుంటే
"అక్కా, కలుపు సగమే అయింది" అన్నాడు.

ఆ ఏడు కోతలప్పుడు
పదిహేడు మందిమి ఆసామి గడప ముందు కూర్చున్నాం.
బూట్లు కావాలన్నాం.
అల్హాజీ మంచివాడే. టీ పోయించాడు, చక్కెర దండిగా వేసి.
కర్ర విరక్కుండా, పాము చావకుండా మాట్లాడాడు.
వేరుశనగ ధర పడిందన్నాడు,
అంతా పైవాడి రాత అన్నాడు,
చివరికి గడ్డం సవరించుకుని
గోబే, అన్నాడు.
రేపు.
కొట్టు గోడ మీద 'అప్పు రేపు' అని రాసినట్టు.

ఎవరు మొదలుపెట్టారో తెలీదు.
ముసలి లాదీ అనుకుంటా, పళ్ళులేని నోటితో
దా నీసా, అంది.
ఆయనకి అర్థం కాలేదు.
పక్కనున్నామె అందుకుంది: దా నీసా.
పదిహేడు నోళ్ళు. గట్టిగా కాదు,
పెనం మీద నీళ్ళంత.
అల్హాజీ చటుక్కున
రెండు కాళ్ళూ కుర్చీలోకి లాక్కున్నాడు!

తొమ్మిది జతలొచ్చాయి.
పదిహేడు కాదు, తొమ్మిది.
అందుకే వంతులు.
నీ వంతు కానప్పుడు గట్టు మీద కూర్చుని కాయలు ఒలుస్తావు,
దిగమని ఎవరన్నా దిగకు, నేనన్నా సరే.
పారలకి పొడుగు పిడులు మాత్రం
మేమే చందా వేసుకుని కమ్మరి చేత పెట్టించాం.
నడుం నొప్పులు కూడా పోయాయి,
అది లెక్కలో లేని లాభం.

చెయ్యి పోయే చోటికి ముందు కర్ర పోవాలి.
బొబ్బర తీగ కింద కాయ కనపడితే ఆశపడకు,
ఆకు ఎత్తి చూడు, కర్రతోనే.
చీకటి పడితే లైటు లేకుండా బయటికి కూడా పోకు,
సిగ్గు పడితే పడు.

కరిస్తేనో?
అడిగావు, మంచిది.
పరిగెత్తకు. కొయ్యనివ్వకు. కట్టనివ్వకు.
రాయి తెచ్చినవాణ్ణి మర్యాదగా వెనక్కి పంపు.
నన్ను కేకెయ్యి.
శుక్రవారం శుక్రవారం కూలిలోంచి తీసి
పాలడబ్బాలో వేస్తున్నాం, మోటార్‌సైకిల్‌కి.
రెండేళ్ళుగా దాన్ని తెరిచే పని పడలేదు.
మూత తుప్పు పట్టి బిగుసుకుపోయింది.
ఆ తుప్పుని అప్పుడప్పుడూ వేలితో తడుముతుంటాను.

సరే, పద. ఎండెక్కుతోంది.
బూట్లు పెద్దవై కాళ్ళీడుస్తున్నావు కదూ?
ఈడువు, ఈడువు.
మనం వస్తున్నట్టు
నేలకి తెలియాలి.