తరుగు

పొద్దంత మిల్లుల నేను బరువు మోస్త.
నా కొడుకు బరువు దించుకుంటున్నడు.
రాత్రి ఎనిమిదింటికి గేటు కాడికొచ్చిండు:
"నాయినా, సేటు సూడకముందే
ఒక్కపారి కాంట మీద నిలవడ్త.
బస్టాండు కాడి రూపాయి మిషను అబద్ధం చెప్తది."

చెప్పులిడిసిండు. అంగి ఇప్పిండు.
మొలతాడు మీద చెయ్యేసి
ఇదిగూడ ఇప్పాల్నా అన్నట్టు నా దిక్కు సూసిండు.
యాబై రెండు కిలోల నాలుగొందలు.
సార్ చెప్పింది యాబై ఒకటి.
ఎల్లుండే నల్లగొండల సెలక్షన్లు.

కిలో నాలుగొందలు!
బస్తా దించంగ కింద రాలేటియే అంతకెక్కువ,
ఊడ్చే ముసలమ్మ కొంగుల మూట గట్టుకపోతది.

వడ్లల్ల తేమ ఉన్నదని సేటు తరుగు తీస్తడు.
రైతు బతిలాడుతడు, తిడ్తడు,
మళ్ల రోడ్డు మీద పరిచి ఎండబోసుకొస్తడు.
నా పోరణ్ణి గూడ ఎండబోసిండ్రు.
మిట్ట మధ్యానం, ఒంటి మీద వానకోటు,
గ్రౌండు చుట్టు ఇరవై సుట్లు.
చేతుల సీసా ఉంది,
నీళ్లు తాగనీకి గాదు, ఉమ్మనీకి.

దామరచర్ల తండా హరిలాల్
రెండొందల గ్రాములకు గుండు కొట్టించుకున్నడట.
మావోడు చెప్పుకుంట నవ్విండు.
ఆ నవ్వు నిజం నవ్వే.
నాకు తెగని లెక్క ఆడనే ఉన్నది.

రెండేండ్ల కింద వీడు నోరిప్పేటోడు గాదు.
జాన్‌పహాడ్‌ల మొక్కుకుంటె పుట్టిండని సైదులని పెట్టినం.
ఆ "స" కాడనే వాని నాలుక కట్టుకపోయేది.
బడిల పేరడిగితె
బొటనవేలు తోని నేల మీద రాసి చూపెట్టేటోడు.
ఇద్దయ్య సార్ వాణ్ణి కూతకు పంపిండు.
ఊపిరి ఇడవకుంట కబడ్డి కబడ్డి కబడ్డి,
గీత అవతల ఒక్కపారి తడబడలే.
ఇవతలికొచ్చినంక గూడ
జెరంత తక్కువనే తడబడ్డడు.
ఏ డాక్టరుకు ఎంతిస్తె వస్తుండె అది?

అందుకే సార్‌ను తిడదామంటె నోరు రాదు.
పద్నాలుగేండ్లకు నేను మొదటి బస్తా ఎత్తిన.
ఎట్ల ఎత్తాల్నో చెప్పినోడు లేడు,
ఎత్తు అన్నోడున్నడు,
పడితె తన్నినోడున్నడు.
సార్ గూడ కొడ్తడు, నేను సూసిన,
విజిలు తాడు తోని పిక్కల మీద.
కొట్టినంక బస్సు కిరాయి ఆయన జేబులకెంచే తీస్తడు.
ఆయనది గూడ కాంట్రాక్టు కొలువే,
కప్పు రాకుంటె వచ్చే యేడు అనుమానమేనట.
ఆయనను గూడ యాడనో ఎవరో
కాంట మీద నిలవెట్టిండ్రు.

సెలక్షన్ల పొద్దుగాల ఫోన్ల అరిచిండు,
"యాబై కిలోల తొమ్మిదొందలు నాయినా!"
పక్కన మేస్త్రి ఇన్నడు, అందరికి చెప్పిండు,
బస్తాలు దించి హమాలోళ్లంత సప్పట్లు కొట్టిండ్రు.
ఎందుకు కొడుతున్నమో అడగకుంటనే నేనూ కొట్టిన.

మాపటికి సార్ ఫోను.
రెండో కూతల పిక్కలు పట్టేసినయ్,
గీతకు మూరెడు దూరంల పడ్డడు,
గ్లూకోజు ఎక్కించినం, భయం లేదు,
వచ్చే యేడు...
అని ఆపిండు.
వచ్చే యేడు వాని వయసు దాటుతది,
ఇద్దరికి తెలుసు.

బస్సుల నిద్రవోయిండు. లేపబుద్ధి గాలే, ఎత్తుకున్న.
నా భుజానికి కాంట అక్కెర లేదు,
ఏ బస్తాల ఎంత తక్కువున్నదో అదే చెప్తది.
ఆ రాత్రి ఏం చెప్పలే.
పోయింది నీళ్లేనా,
నీళ్లెంబడి ఇంకేమన్న పోయిందా,
మిగిలిన దాంట్ల కూత బరువెంతనో.

ఇంటికాడ వాళ్లమ్మ చెంబు అందిచ్చింది.
తాగిండు. ఇంకొకటి.
మూడో చెంబు ఎత్తంగ
"సల్లగున్నయే అమ్మా" అన్నడు.

స కాడ ఆగిండా, ఆగలేదా,
నేను ఇనలే.
వాని గొంతుల దిగుతున్న నీళ్లనే చూస్తున్న.