పదిహేడో పుల్ల

వాదీ కబీర్‌ల శుక్రవారం అంగడి.
పాత మిక్సీలు, మడత మంచాలు, ఒంటిచెవి ఇస్త్రీపెట్టెలు
పరిచినకాడ అది బోర్ల పడి ఉన్నది
చక్రాలు రెండూ మీదికి పెట్టి.

"మౌంటెన్ బైక్ భాయ్, అసలు మాల్" అన్నడు షఫీకుల్.
పన్నెండు రియాళ్లు చెప్పిండు.
నేను వెనక చక్రం తిప్పి చూపిన.
అది తిరుగుతలేదు, కల్లు తాగినట్టు ఊగుతున్నది.
గేరు తీగ తెగి తోకలెక్క వేలాడుతున్నది.
ఏడుకు దిగిండు,
తన రెండు ప్యాంట్లు పొట్టిగ చేసియ్యాలన్న ఒప్పందం మీద.

రూవీల మా గది మూడో అంతస్తు. లిఫ్టు చెడిపోయి ఏడాది.
భుజం మీద మోసుకొస్తుంటే
మెట్ల మీద లింబాద్రి ఎదురైండు:
"గుట్టలెక్కే బండి అన్నవు,
దాన్నే నువ్వు ఎక్కిస్తున్నవేందిరా?"

సీటు కింది గొట్టం తుప్పుకు కరుచుకపోయింది.
మిషన్ నూనె పోసి రెండు రాత్రులు ఉంచినం.
లింబాద్రి సీటు పట్టి, నేను చట్రం పట్టి మెలిపెడితే
ఒక్కసారే ఊడి, ఇద్దరం రెండు గోడలకు తగిలినం.
తలకిందులు చేస్తే లోపలి నుంచి ఇసుక కారింది.
పిడికెడు. సన్నగ, ఎర్రగ.
మా దిక్కు ఇసుక కాదది, లోపలి ఎడారిది.
నాకంటె ఎక్కువ దేశం చూసింది ఈ సైకిల్.
పదకొండేండ్ల సంది నేను చూసింది
దిష్‌దాషాలు కుట్టే దుకాణం, ఈ గది,
నడుమ రెండు సిగ్నళ్లు.

గొలుసుకు కూడ మిషన్ నూనెనే పెట్టిన.
రెండు దినాలకే దుమ్మంత తాగి నల్లగ గట్టిపడ్డది.
ప్యాంట్లకు వచ్చిన షఫీకుల్ నెత్తి కొట్టుకున్నడు:
"దర్జీ సాబ్, ఇక్కడ నూనె ఇసుకకు బెల్లం.
మైనం కాచి ముంచు."
కొవ్వొత్తులు చాయ్ గిన్నెల కరిగించిన.
వారం దాక ఏడుగురం మైనం చాయ్ తాగినం.
లింబాద్రి తప్ప ఎవ్వరూ ఏమనలే.
లింబాద్రి అందరి వంతూ అన్నడు.

చక్రం వంకర తీయడానికి మెకానిక్ మూడు రియాళ్లడిగిండు.
నేనే కూసున్న,
ఆరేసిన లుంగీల కింద, బాల్కనీల.
ముప్పై ఆరు పుల్లలు.
ఒక్కొక్కటి గోటితో మీటి చెవి పెట్టిన.

సిరిసిల్లల నాయిన సాంచె నడిపేటోడు.
భీము మీది పోగులకు ఇట్లనే వేలు ఆనించి
"ఇగో, ఇది వదులున్నది, ఇను" అనేటోడు.
అంత చప్పుడుల ఏం వినాలె?
విన్నట్టు తలూపి ఆటకు ఉరికేటోణ్ని.

రాత్రి పదకొండు. చుట్టూ ఏసీల హోరు.
పదిహేడో పుల్ల మొద్దుగ పలికింది.
పావు తిప్పు బిగించిన. మళ్లీ మీటిన.
ఎంతసేపు కూసున్ననో,
లోపలికెళ్లి ఎవరో బాల్కనీ లైటు ఆర్పిండ్రు.
చీకట్ల ఇంక మంచిగ వినవడ్డది.

కొత్త టైరు, బ్రేకు దిమ్మలు, గేరు తీగ:
ఏడు రియాళ్ల సైకిల్‌కు ఇంకో తొమ్మిది.
ఇంటికి ఫోన్‌ల ఏడే అని చెప్పిన.

శుక్రవారం, తెల్లారక ముందే,
ఆమిరాత్ పోయే ఎక్కుడు తొవ్వ.
చిన్న గేరు కటకటమని ఆలోచించి పడ్డది.
నడిచేటోని కంటె మెల్లగ పోతున్న.
మూడో మలుపుకు దమ్ము ఆగక దిగిన.
శిఖరం గిఖరం ఏం లేదు,
బండ మీద ఒక నల్లమేక,
నన్ను చూసి నములుడు ఆపింది.
కింద రూవీ. దుకాణం ఎక్కడుంటదో
వెతికిన, దొరకలే.

మలిపిన.
దుకాణంల పొద్దంత పెడల్ తొక్కుతనే ఉంట,
గుడ్డ పోతది, నేను ఉన్నకాన్నే.
ఇప్పుడు కాళ్లు ఊకెనే ఉన్నయి,
గుట్టలే అటు దిక్కు ఉరుకుతున్నయి.
అంగి లోపల గాలి నిండింది, నేను కుట్టిన అంగే,
ఎక్కడా పిగలలే.

కిందికొచ్చి బ్రేకు పట్టినంక తెలిసింది
చక్రం మళ్లీ కొంచెం ఊగుతున్నది.
పదిహేడోదే అయ్యుంటది.
రాత్రికి చూడాలె.