వేట నిషేధం

ఏడు ఆటలు.
ఆరు ఓడిపోయేం. ఏడోదాన్ని
నరసన్నపేటలో వాన ఆపేసింది కాబట్టి
చెరి సగం.

ఈ లెక్క మా కోటేసు బొగ్గుముక్కతో రాసేడు
మూసేసిన పంచదార మిల్లు గోడ మీద.
ఆమదాలవలసలో ఆ గోడెక్కితేనే
కాలేజీ గ్రౌండు మూల మూలా కనబడేది.
టిక్కెట్టు లేదు, కుర్చీ లేదు,
కింద రాజులమ్మ ఉడకేసిన శెనక్కాయల బుట్ట,
వెనక టేషన్ వదిలిన పాసింజరు కూత.
రైల్లో వాళ్లు మమ్మల్ని చూసి చేతులూపుతారు.
గెలుస్తున్నామనుకుంటారు కాబోలు.

ఇరవై రెండేళ్ల కిందట
ఇదే గడ్డిలో నేను లెఫ్ట్ బ్యాకుని.
ఇప్పుడు ఆర్టీసీ కండక్టర్ని.
ప్రతి ఆటకీ పాలకొండ ట్రిప్పు మార్చుకుని మరీ వచ్చేను.
ఆ తొందరలో చిల్లర ఎగ్గొట్టిన సంగతి
దేవుడికీ, ఒక ముసలమ్మకీ తెలుసు.

ఈ ఏడు మనదేనన్నారు కదా అందరూ!
జూలైలో లోకనాథం బంతి తీసుకుని దౌడు తీస్తుంటే
నాగావళికి కొత్తనీరొచ్చినట్టుండేది.
సెప్టెంబరుకి వాడి మోకాలు పోయింది.
తవిటయ్య గోల్లో నిలబడ్డాడు.
పాపం, నిలబడ్డమే చేసేడు.
తిట్టేం. అందరికన్నా గట్టిగా నేనే తిట్టేను.
ఆ ఆదివారం సంతలో
వాళ్లమ్మ వెనక బెండకాయల బస్తా మోస్తూ ఎదురొస్తే
నేను మొహం తిప్పుకున్నాను.
వాడే పలకరించేడు,
"బాగున్నారా కండక్టరు గారూ."

ఇంక ఆ గోలు.
రాజాం మీద, ఆఖరి నిమిషం.
జగ్గారావు తన్నిన బంతి కర్రల మధ్య నుంచే వెళ్లింది.
గోడ మీంచి మేం చూసేం.
రాజులమ్మ చూసింది. పాసింజరు చూసే ఉంటుంది.
కాని వలకి ఎడం పక్క
మేకపిల్ల దూరేంత కన్నం.
అందులోంచి జారి తుమ్మ డొంకలో పడింది బంతి.
బయటికి పోయిందన్నాడు రిఫరీ.

లోకనాథం మోకాలుకి ఏం చెయ్యగలం?
కన్నానికి చెయ్యొచ్చు.

ఏప్రిల్ ఆఖర్లో చందాలేసుకుని
ముగ్గురం కళింగపట్నం పోయేం.
వేట నిషేధం రోజులు.
పడవలన్నీ ఇసకలో, మొహాలు సముద్రంవైపే పెట్టుకుని.
మైలపల్లి ఎర్రయ్య పాక నీడలో కూచుని
కాలి బొటనవేలికి తాడు తగిలించి
ముడి తర్వాత ముడి వేస్తున్నాడు.
వల కావాలన్నాం.
"మీ సేప ఎంతుంటాదేటి?" అన్నాడు తలెత్తకుండా.
కోటేసు రెండు చేతులూ గుండ్రంగా పట్టి చూపించేడు.
"ఏడాదికెన్ని పడతాయి?"
మేం ఒకళ్ల మొహాలొకళ్లం చూసుకున్నాం.
"రెండు," అన్నాను. "ఒకటి తప్పించుకు పోనాది."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.
"రెండు నెల్లు నీట్లో దిగకూడదంతారు.
అలాగని సేతులూరుకుంటాయేటి, బావూ?"
బేరం మాత్రం పది రూపాయలు తగ్గలేదు.

వలని మా బస్సులోనే తెచ్చేను.
లగేజీ టిక్కెట్టు నాకు నేనే కొట్టుకున్నాను.
శ్రీకాకుళం దాకా ఒకాయన ముక్కు మూసుకున్నాడు,
ఒకావిడ మాత్రం ఏ చేపలని అడిగింది.

జూన్ మొదటి వాన పడ్డ సాయంత్రం
కర్రలకి కట్టేం.
ఎవరూ పిలవకుండానే తవిటయ్య వచ్చేడు.
గోల్లో నిలబడలేదు. పన్నెండడుగుల దూరంలో బంతి పెట్టి
ఉత్తి కాలితో తన్నేడు.
వల పొట్ట ముందుకొచ్చి, ఊగి,
బంతిని మెల్లగా కిందికి దించింది.
ఆ చప్పుడు ఎలా ఉంటుందో మర్చిపోయి ఉన్నాం మేం.

"ఉప్పుచేప కంపు కొడుతోంది," అన్నాడు వాడు.

కొట్టనీరా.
గోడ మీద కోటేసు పాత లెక్క చెరపలేదు.
కిందన ఒకటి వేసి, చుక్క పెట్టి,
బొగ్గుముక్క జేబులో దాచుకున్నాడు.