బదులవ్వ రాత్రి

ఏనుమాముల యార్డు ఎనుక మాకు నలుగురు దేవుళ్లు.
కాంటయ్య రెండు చెవులు ఒక్క బరువుండయి,
అందుకే ఆయన ముందట ఎవ్వరూ ఒట్టు పెట్టరు.
ఘాటవ్వకు దండం అక్కెర్లేదు,
మిర్చి బస్తాల నడుమ ఒక్క దగ్గు దగ్గితే చాలు.
సుతిలి పోశాలు పొద్దుమీకినంక ముడి విప్పనియ్యడు.
నాలుగో ఆమె బదులవ్వ.

బాకీ లేని ఇంట్ల ఆమె కాలు పెట్టదు.
పత్తి మొదటి లారీ దిగిన రాత్రి
ఎదురింటికి పోయి ఏదో ఒకటి అడుక్కరావాలె,
చాట, చెంబు, పిల్లగాని చెప్పుల జత.
మళ్లా పండుగదాకా తిరిగియ్యొద్దు.
ఇచ్చినోళ్లు “ఎప్పుడిస్తవ్” అనొద్దు.

నిరుడు కొంరవ్వ కాడ గంటె తెచ్చిన.
మాఘంల ఆమె పోయింది.
గంటె అంచుకు సొట్ట, కొడుకు సాయిలును కొట్టినప్పటిది,
నా పప్పుగిన్నె అడుగు రోజూ గీరుతది.

సచ్చినోళ్ల బదులు గోదాము గోడకింద
అవ్వ రాయికాడ పెట్టాలన్నడు రాజీరు తాత.
పోయిన. పెట్టిన.
చీకట్ల కొంచెంసేపు కూసున్న.

మళ్లా చేతిలకు తీసుకున్న.
“అవ్వా, ఈయేడు నీకాడనే బదులు” అన్న.

రాయి దగ్గినట్టు ఇనబడ్డది.
ఘాటవ్వ కావచ్చు,
గాలి మిర్చి షెడ్ల దిక్కుకెల్లే వస్తున్నది.