వెనకవైపు

ముఖం చూసి మోసపోవద్దంటడు మీర్జా సాబ్.
ముహర్రక్ సూక్‌ల మూడో సందు, అత్తరు దుకాణం పక్కన,
ఏసీ నీళ్లు బొట్టుబొట్టుగ బకెట్ల పడేకాడ
నా బల్ల, నా భూతద్దం, నా గీటురాయి.

ముందువైపు అన్నిటిదీ ఒకటే తీరు:
ఇద్దరు బాక్సర్లు, లేకుంటే ఒక హాకీ కర్ర,
లేకుంటే తాడు పట్టి వెనక్కి వాలిన ఎనిమిది మంది,
చుట్టూ ఆకుల దండ.
ఒక్క అచ్చుల ఎన్ని వందల గెలుపులు పోసిండ్రో.

తిప్పు.
అంచు దగ్గర, గోటికి తగిలీ తగలనంత,
సింహం నడుస్తుంటే వెండి.
పక్కన లంగరుంటే సముద్రం అనుకోకు,
సముద్రమే లేని బర్మింగ్‌హామ్ ముద్ర అది.
ఆ పక్క ఒంటి అక్షరం, పుట్టిన సంవత్సరం.
ఏదీ లేకుంటే ఇత్తడి మీద నీళ్లపూత.
నాకు సింహంతోని పని లేదు.
కరీంనగర్‌ల పన్నెండేండ్లప్పటి సంది వెండితీగ గుంజినోణ్ణి,
వెంట్రుకంత తీగతోని నెమలీకలు అల్లినోణ్ణి.
బల్ల మీద పడ్డ చప్పుడే చెప్తది.

"తోమకు!" అని మొదటి రోజే అరిచిండు సాబ్.
చింతపండు చేతుల పట్టుకొని నిలబడ్డ.
వెండిని నల్లగనే ఉంచమన్న మనిషిని
పుట్టి బుద్ధెరిగినంక అప్పుడే చూసిన.
ఆ నలుపుకే ధరంట. తోమితే సగం పోతదంట.

పేరుంటే ఒక లెక్క, లేకుంటే ఒక లెక్క.
మొన్న ఒకటొచ్చింది:
కార్పొరల్ డి. హెచ్. పెంఫ్రీ, మైలు పరుగు, రెండో స్థానం, 1961.
లండన్ నుంచి ఒకాయన ఫోన్ల బేరమాడి
డెబ్బై దీనార్లకు తీసుకున్నడు.
అదే మైలు, అదే ఏడు, మొదటి స్థానంది కూడ అదే డబ్బాల ఉన్నది.
పేరు చెక్కించుకోలే.
తొమ్మిది దీనార్లు. తూకం ధర.
గెలిచినోడు గ్రాముల్ల మిగిలిండు.

ఇంకొకటున్నది, ఎవరూ కొనరు.
పై కొక్కెం తెగింది, నెత్తి మీద చిల్లి.
"పాడైంది" అని చీటీ రాసిండు సాబ్.
నేను ఆ చిల్లినే చూస్త.
బర్మ తిప్పినోడు తొందరపడలే,
లోపలి అంచు గుండ్రంగ అరగదీసిండు,
పసిదాని పొట్టకు గుచ్చుకోకుండ.
తాడు గుంజే ఎనిమిది మంది మొహాలు
ఒక్కవైపే నున్నగ అరిగినయి,
మొలతాడుకు అటూ ఇటూ ఊగి.
ఏ బ్యారకు వంటాయన దొరికింది దొరికినట్టు ఇంటికి తీస్కపోయిండో,
ఏ బిడ్డ దాన్ని నోట్ల పెట్టుకొని చప్పరించిందో.
"నీకెట్ల తెలుసు?" అన్నడు సాబ్.
నా మొలకు కూడ ఒకటుండె, అన్న.
ఆయన నవ్విండు. చీటీ మాత్రం మార్చలే.

పోయిన శుక్రవారం హిద్ద్ క్యాంపుల
కంపెనీవాళ్లు తాడాట పెట్టిండ్రు.
మా రూములుండే రాజలింగు జట్టు గెలిచింది.
పతకం రేకుది, మీద బంగారు రంగు.
ముందర కంపెనీ గుర్తు, వెనక బోడ.
వీడియో కాల్‌ల పిల్లలకు చూపెట్టి,
మేకుకు తగిలేసి పండుకున్నడు,
అరచేతులు ఒరుసుకపోయి, వేళ్లు ముడవస్తలేక.

రాత్రి రెండు గంటలకు నేనే దించిన.
సింహం లేదు. లంగరు లేదు.
ఫోన్ లైటు దవడ కింద ఇరికించుకొని
చెక్కుడు కలం పెట్టిన.
రేకు వెండిలెక్క మాటినదు, జారుతది.
గోనె రాజలింగు, షట్టరింగ్ కార్పెంటర్,
తాడు, మొదటి స్థానం, హిద్ద్.
చోటు సాలక ఊరి పేరు వంకర తిరిగి
అంచు దాక పోయింది.

మళ్ల మేకుకే తగిలేసిన, ముఖం బయటికి.
పొద్దున చూస్తే తిడతడేమో,
కొత్తదాన్ని గీకినవేందిరా అని.