పలకల లెక్క

ఇరవయ్యో పేజీలోపు దయ్యం కనపడాలంటాడు హెవిన్,
కార్డిఫ్‌లో, ఎండ పడే గదిలో కూర్చుని, నా పుస్తకాలు అచ్చేసేవాడు.
నేను బ్లైనైలో. వానకిది పదకొండో రోజు.

గొలుసుల చప్పుడు రాశాను, కొట్టేశాను.
దీపం దానంతటదే ఆరింది;
సిగ్గేసి మళ్ళీ వెలిగించాను.
తెల్లగుడ్డ కప్పుకుని వచ్చినదాన్ని
దండెం మీద ఆరేసి వచ్చాను.

మిగిలింది ఇథెల్.
గనిలో పలకలు చీల్చినవాడు,
రొమ్ము నిండా రాతిపొడితో నలభైనాలుగేళ్ళకే మంచం పట్టినవాడు.
పలకల సైజులకు అక్కడ దొరసానుల పేర్లు:
డచెస్, కౌంటెస్, లేడీ.
పొద్దంతా డచెస్‌లను ఉలితో విడదీసి
సాయంత్రం గుమాస్తా ముందు టోపీ తీసి నిలబడేవాడు.

అతన్ని అటక మీద పెట్టాను. ఏమీ చెయ్యడు.
వాన మొదలవగానే కప్పు కింద వెల్లకిలా పడుకుని
ఏ చినుకు ఏ పలక మీద పడిందో విని
లెక్కపెడతాడు.
మూడు తక్కువ. ఎప్పుడూ మూడే.
గుమాస్తా పద్దులోకి ఎక్కని మూడు కౌంటెస్‌లు.

నెత్తురడిగే దయ్యానికి తలుపేసుకోవచ్చు.
బాకీ అడిగేదాన్ని ఏ గడప ఆపుతుంది?

హెవిన్‌కి జాబు మొదలుపెట్టాను:
"మొదటి పేజీ నుంచీ ఉన్నాడండీ, నెత్తి మీదే..."

కాగితం మీద టప్పుమని బొట్టు.
గిన్నె పెట్టాను.
కిటికీ దగ్గర ఇంకోటి. పొయ్యి పక్కన ఇంకోటి.
మూడో గిన్నె సర్ది, కూర్చున్నాను.
నాలుగోది వెతకలేదు.